బళ్ళారిలో ఆగిన తపాలా విమానం - జె.ఆర్.డి. టాటా జీవితం



పొద్దున నడకకు వచ్చే మన పింఛనుదారుల మధ్య ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినబడుతున్నది. అమెరికాకు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటల ప్రయాణం అన్నదే ఆ ప్రశ్న. ఇందులో ఆశ్చర్యం లేదు. ఆదోనిలోగాని, ఎమ్మిగనూరులోగాని కొడుకో, కూతురో, మనుమరాలో విదేశంలో లేని వీధి ఇప్పుడు దొరకడం కష్టం. ఒకప్పుడు బిడ్డను గుంతకల్లుకు ఇచ్చినా దూరం ఇచ్చామని బాధపడిన కుటుంబాలు మనవి. ఇప్పుడు సముద్రాల అవతలికి పంపి, విమానం దిగిందన్న కబురు వచ్చేవరకు నిద్ర పట్టక కూర్చుంటున్నాం.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ కొన్ని పుస్తకాలు తిరగేస్తుండగా, మన ప్రాంతానికి విమానంతో ఉన్న పాత బంధుత్వం ఒకటి కంటబడింది. భారతదేశంలో భారతీయ సంస్థ నడిపిన మొట్టమొదటి తపాలా విమాన మార్గంలో బళ్ళారి ఒక మజిలీ. ఆనాడు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ మార్గాన్ని ఆరంభించినవారు జె.ఆర్.డి. టాటా. ఈ ప్రత్యేక సంచికకు ఆయన జీవితకథను క్లుప్తంగా మీ ముందు ఉంచుతున్నాను. పెద్దలు తప్పులుంటే మన్నించగలరు.

బాల్యము, చదువు

జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా 1904 జూలై 29న పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి రతన్‌జీ దాదాభాయ్ టాటా, టాటా సంస్థల వ్యవస్థాపకుడైన జంషెడ్జీ టాటాకు దగ్గరి బంధువు, వ్యాపార భాగస్వామి. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. పెళ్ళి తరువాత ఆమెకు సూనీ అని పార్సీ పేరు పెట్టారు. ఐదుగురు పిల్లల్లో జె.ఆర్.డి. రెండవవారు. తండ్రి వ్యాపారం కారణంగా కుటుంబం ఒకచోట నిలకడగా ఉండలేదు. పారిస్, బొంబాయి, జపాన్‌లోని యొకొహామా, ఇలా తిరుగుతూనే ఆయన చదువు సాగింది. అందువల్ల ఆయనకు మొదట బాగా పట్టుబడిన భాష ఫ్రెంచి.

ఫ్రాన్సు సముద్రతీరాన హార్డెలో అనే గ్రామంలో వీరికి వేసవి విడిది ఉండేది. విమానంలో ఇంగ్లీషు ఛానలును మొదటిసారి దాటిన లూయీ బ్లెరియో ఇల్లు కూడా ఆ దగ్గరలోనే ఉండేది. 1909 జూలై 25న బ్లెరియో ఆ జలసంధిని సుమారు 37 నిమిషాల్లో దాటారు. ఆ దూరం నలభై కిలోమీటర్ల లోపే. మనకు చెప్పాలంటే ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాటి మరికొంత దూరం పోయినంత. కాని ఆ కొద్ది దూరం ప్రపంచాన్ని కదిలించింది. హార్డెలో ఇసుక మీద దిగే విమానాలను చూస్తూ పెరిగిన ఈ పిల్లవాడు పదిహేనో ఏట మొదటిసారి విమానం ఎక్కాడు. కిందికి దిగేసరికి విమానచోదకుడు కావాలన్న కోరిక స్థిరపడిపోయింది.

1923లో తల్లి కన్నుమూసింది. ఫ్రెంచి పౌరుడిగా ఆయన అక్కడి సైన్యంలో ఒక సంవత్సరం నిర్బంధ సేవ చేశారు. ఇంకా కొంతకాలం ఉండాలని ఉన్నా తండ్రి ఒప్పుకోక వెనక్కి రమ్మన్నారు. ఆయన వచ్చేసిన తరువాత ఆ దళం మొరాకో పోరాటంలో తుడిచిపెట్టుకుపోయింది. తండ్రి మాట విన్నందున ప్రాణం దక్కిందనవచ్చు. కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదవాలనుకున్నా అదీ జరగలేదు. 1925లో బొంబాయి వచ్చి టాటా సంస్థలో జీతం లేని అప్రెంటిసుగా చేరారు. మరుసటి ఏడాది తండ్రి కూడా పోయారు. 22 ఏళ్ళ వయసులో తమ్ముళ్ళ, అక్కచెల్లెళ్ళ భారం, కుటుంబ అప్పులు ఆయన మీద పడ్డాయి. విశ్వవిద్యాలయం మెట్టు ఎక్కలేదన్న లోటు జీవితాంతం ఆయనను వెంటాడిందని ఆయన చరిత్రకారులు రాశారు. ఆ లోటు తీర్చుకోవడానికి రాత్రివేళ పుస్తకాలు చదివేవారు.

లైసెన్సు నంబరు 1

1928లో బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్బు ఏర్పడగానే జె.ఆర్.డి. చేరారు. 1929 ఫిబ్రవరి 10న ఆయనకు విమానచోదకుడి లైసెన్సు వచ్చింది. భారతదేశంలో ఇచ్చిన లైసెన్సుల్లో దాని నంబరు 1. ఆ ఏడాదే ఫ్రెంచి పౌరసత్వం వదులుకున్నారు.

ఆగాఖాన్ ఒక పోటీ ప్రకటించారు. ఇంగ్లండు నుంచి ఇండియాకుగాని, ఇండియా నుంచి ఇంగ్లండుకుగాని ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయునికి 500 పౌండ్ల బహుమతి. జె.ఆర్.డి. కరాచీ నుంచి బయలుదేరారు. ఆస్పీ ఇంజనీర్ అనే కుర్రవాడు ఇంగ్లండు నుంచి బయలుదేరాడు. మన్‌మోహన్ సింగ్ అనే మరొక యువకుడు కూడా పోటీలో ఉన్నాడు.

ఈజిప్టులో అబూకిర్ అనే విమానాశ్రయంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆస్పీ విమానం స్పార్క్ ప్లగ్గులు చెడిపోయి అక్కడ చిక్కుకుని ఉన్నాడు. జె.ఆర్.డి. దగ్గర అదనపు ప్లగ్గులు ఉన్నాయి. పోటీదారు కదా అని ఊరుకోక, తీసి ఇచ్చారు. ఆస్పీ కృతజ్ఞతగా తన ప్రాణరక్షక కోటును ఆయనకు ఇచ్చాడు. తరువాత ఎవరి దారిన వారు పోయారు. కొద్ది గంటల తేడాతో ఆస్పీ గెలిచాడు. మన్‌మోహన్ సింగ్ కూడా గమ్యం చేరాడుగాని దారిలో జరిగిన ఆలస్యం వల్ల గడువు దాటిపోయింది. ఆస్పీ ఆ తరువాత వైమానిక దళంలో చేరి, 1960లో భారత వైమానిక దళాధిపతి అయ్యారు. ప్లగ్గులు ఇవ్వకపోయి ఉంటే బహుమతి జె.ఆర్.డి.దే అయ్యేదేమో. కాని ఆ ఓటమిని గురించి ఆయన ఎన్నడూ విచారించలేదు.

1930 డిసెంబరులో థెల్మా వికాజీతో ఆయన వివాహం జరిగింది. వారికి సంతానం కలుగలేదు.

తపాలా విమానము

ఆ కాలంలో లండను నుంచి ఇండియాకు ఉత్తరం ఓడ మీద రావాలంటే రెండు వారాలు పట్టేది. 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అనే బ్రిటిషు కంపెనీ లండను నుంచి కరాచీకి విమాన సర్వీసు మొదలుపెట్టింది. ఉత్తరం వారం రోజుల్లో కరాచీ చేరేది. కాని కరాచీ నుంచి బొంబాయికి, మద్రాసుకు మళ్ళీ రైలు మీదనే రావాలి. విమానం ఆదా చేసిన రోజుల్లో కొన్నింటిని రైలు తినేసేది.

నెవిల్ విన్సెంట్ అనే మాజీ వైమానిక అధికారి ఈ లోటు గమనించారు. దక్షిణాఫ్రికాకు చెందిన ఈయన ఇండియాలో ఊరూరా తిరిగి జనాన్ని విమానం ఎక్కించి చూపించినవారు. కరాచీ నుంచి బొంబాయి మీదుగా మద్రాసుకు తపాలా విమానం నడపాలన్న ఆలోచనతో జె.ఆర్.డి.ని కలిశారు. టాటా సంస్థ పెద్ద సర్ దొరాబ్జీ టాటా మొదట అంత సుముఖంగా లేకపోయినా చివరికి 2 లక్షల రూపాయల పెట్టుబడికి ఒప్పుకున్నారు. ప్రభుత్వం నుంచి సహాయ ధనం రాలేదు. మోసిన తపాలాకు మాత్రమే డబ్బు ఇస్తామన్నారు. ఏళ్ళ తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచి, 1932 ఏప్రిల్ 24న ఒప్పందం కుదిరింది. ప్రభుత్వ ఫైలు ఎలా నడుస్తుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

1932 అక్టోబరు 15, శనివారం. ఉదయం 6 గంటల 35 నిమిషాలకు కరాచీలోని ద్రిగ్ రోడ్ విమానాశ్రయం నుంచి జె.ఆర్.డి. తానే పస్ మాత్ అనే చిన్న విమానం నడుపుతూ బయలుదేరారు. దానికి ఒకే ఇంజను. మోసిన తపాలా 25 కిలోల ప్రాంతం. మన ఎమ్మిగనూరు సంతలో ఒక మనిషి భుజాన మోసుకుపోగల బరువు అది. విమానంలో రేడియో లేదు. నేలమీద దారి చూపే సంకేతాలు లేవు. కిందికి చూస్తూ, పటం చూస్తూ, దిక్సూచి చూస్తూ నడపాలి. గంటకు సుమారు వంద మైళ్ళు, అంటే 160 కిలోమీటర్ల వేగం.

కరాచీ నుంచి అహమ్మదాబాదుకు గగనమార్గాన 590 కిలోమీటర్ల వరకు ఉంటుంది. అక్కడ పెట్రోలు పోసుకోవాలి. ఆ పెట్రోలు డబ్బాలు విమానం దగ్గరికి ఎద్దులబండి మీద వచ్చాయి. అహమ్మదాబాదు నుంచి బొంబాయికి మరో 440 కిలోమీటర్లు. మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలకు జుహూ మైదానంలో దిగారు. మొత్తం ఏడు గంటల పదిహేను నిమిషాలు. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, మధ్యలో నిలుపుదలతో కలిపి ఆ కాలంలో ముగిసింది.

జుహూలో మరొక పస్ మాత్ సిద్ధంగా ఉంది. మద్రాసు తపాలాను అందులోకి మార్చుకుని నెవిల్ విన్సెంట్ బయలుదేరారు. ఆయన దిగవలసిన చోటు బళ్ళారి.

బళ్ళారి మజిలీ

బొంబాయి నుంచి బళ్ళారికి తిన్నగా గీత గీస్తే 610 కిలోమీటర్ల ప్రాంతం ఉంటుంది. సహ్యాద్రి కొండలు దాటాలి, కృష్ణ దాటాలి, తుంగభద్ర దాటాలి. 160 కిలోమీటర్ల వేగంతో దాదాపు నాలుగు గంటల ప్రయాణం. మధ్యాహ్నం దాటి బయలుదేరిన విమానం బళ్ళారి చేరేసరికి పొద్దుగూకుతుంది. రాత్రివేళ విమానం నడిపే వసతి ఆ రోజుల్లో లేదు. అందువల్ల ఆ రాత్రికి బళ్ళారిలోనే మజిలీ. మరునాడు, అక్టోబరు 16న, అనంతపురం వైపుగా తూర్పు కనుమల మీదుగా మరో 430 కిలోమీటర్లు ప్రయాణించి విన్సెంట్ మద్రాసు చేరారు. కరాచీ నుంచి మద్రాసుకు మొత్తం 2,070 కిలోమీటర్ల పైచిలుకు, ఆకాశంలో గడిపినది సుమారు పదమూడు గంటలు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ విమానం ఆదోని మీదుగా పోలేదు. తిన్నగా పోయే దారికి ఆదోని ఈశాన్యంగా దాదాపు డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉంది. కనుక మన కొండల మీద దాని మోత వినిపించిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కాని మన జిల్లా కేంద్రంలో అది దిగింది. అప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాలో భాగం. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఉన్న ఊరు. కోర్టు పనికైనా, కలెక్టరు కచేరీకైనా మన పెద్దలు బళ్ళారికే పోయేవారు. దేశంలో తొలి తపాలా విమానం ఆగిన నాలుగైదు ఊళ్ళలో మన జిల్లా ముఖ్యపట్టణం ఒకటి అన్నమాట.

మన ఊరికి ఇది కొత్త వింతగాని, బొంబాయి మద్రాసుల తపాలా కొత్త కాదు. 1871లో రాయచూరు దగ్గర రెండు రైలు కంపెనీల పట్టాలు కలిసినప్పటి నుంచి బొంబాయి-మద్రాసు రైలు ఆదోని మీదుగానే పోతున్నది. పత్తి వ్యాపారానికి పేరుపడిన ఆదోనికి బొంబాయి ధర ఎంత అన్నది ప్రాణప్రదమైన విషయం. ఎమ్మిగనూరు నేతగాళ్ళకు నూలు ధర అంతే ముఖ్యం. తపాలా ఒక రోజు ముందు అందితే ఎవరికి ఎంత మేలో ఆ కాలపు వర్తకులకు బాగా తెలుసు. రైలు మార్గం 1,280 కిలోమీటర్ల వరకు ఉంటే, విమాన మార్గం 1,040 కిలోమీటర్లు. దూరమూ తగ్గింది, వేగమూ పెరిగింది.

బళ్ళారి మజిలీ ఎక్కువ కాలం నిలువలేదు. తరువాత మద్రాసు విమానం హైదరాబాదు మీదుగా మళ్ళింది. మన వైపు ఆకాశం మళ్ళీ నిశ్శబ్దమైంది. కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం ప్రారంభమైనది 2021 మార్చిలో. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 1932కు, 2021కి మధ్య దాదాపు తొంభై ఏళ్ళ ఎడం.

సంస్థ పెరిగిన తీరు

టాటా విమాన శాఖ మొదట రెండు చిన్న విమానాలు, కొద్దిమంది సిబ్బందితో నడిచింది. జుహూ మైదానం వానాకాలంలో బురదగుంట అయ్యేది. అప్పుడు విమానాలను పూనాకు మార్చేవారు. అయినా వేళ తప్పలేదు. 1933లో, అంటే మొదటి పూర్తి సంవత్సరంలో, ఆ విమానాలు 1,60,000 మైళ్ళు ఎగిరాయి. 155 మంది ప్రయాణికులను, పది టన్నులకు మించిన తపాలాను మోశాయి. వానలు, కొండలు లెక్కచేయక సమయపాలన చేసినందుకు ప్రభుత్వ పౌర విమానయాన శాఖ తన నివేదికలో మెచ్చుకుంది.

1938లో జె.ఆర్.డి. 34వ ఏట టాటా సన్స్ అధ్యక్షులయ్యారు. అదే 1938లో మన ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారి చొరవతో చేనేత సహకార సంఘం వెలసింది. రెండింటి పరిమాణంలో పోలిక లేదుగాని, స్వదేశీ పరిశ్రమ తన కాళ్ళ మీద నిలబడాలన్న తపన రెండుచోట్లా ఒకటే.

రెండవ ప్రపంచ యుద్ధం ఆయనకు ఒక పెద్ద దెబ్బ తీసింది. విమాన నిర్మాణ కర్మాగారం పనిమీద ఇంగ్లండు వెళ్ళిన నెవిల్ విన్సెంట్ 1942లో తిరిగి వస్తుండగా, ఆయన ఎక్కిన యుద్ధ విమానాన్ని ఫ్రాన్సు తీరం దగ్గర శత్రువులు కూల్చివేశారు. బళ్ళారిలో దిగి, మద్రాసుకు తొలి తపాలా చేర్చిన మనిషి శవం కూడా దొరకలేదు. ఆ సంస్థ పుట్టుకలో సగం పేరు విన్సెంట్‌కే చెందాలని జె.ఆర్.డి. చివరి వరకు చెబుతూ వచ్చారు.

1946లో టాటా ఎయిర్‌లైన్స్ పేరు ఎయిర్ ఇండియాగా మారింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948 జూన్ 8 రాత్రి, మలబార్ ప్రిన్సెస్ అనే కాన్‌స్టెలేషన్ విమానం 35 మంది ప్రయాణికులతో బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. కైరోలోను, జెనీవాలోను ఆగుతూ సుమారు ఐదువేల మైళ్ళ ప్రయాణం, నిలుపుదలలతో కలిపి ఒక రోజు పట్టే దారి. ఆ విమానంలో జె.ఆర్.డి. దంపతులు కూడా ఉన్నారు. వారం రోజుల ఉత్తరం ఒక రోజు ప్రయాణం అయ్యేందుకు పట్టినది పదహారేళ్ళు.

ఆయన అంచనాలన్నీ సరిగా ఉండేవని చెప్పలేం. 1949 జనవరిలో కేంద్రమంత్రి రఫీ అహమ్మద్ కిద్వాయ్ రాత్రి తపాలా విమాన పథకం ప్రవేశపెట్టారు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలుసుకుని, సంచులు మార్చుకుని, తెల్లవారేసరికి తిరిగి చేరేవి. రాత్రి ప్రయాణానికి దేశంలో తగిన వసతులు లేవని జె.ఆర్.డి. దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆ పథకం ఇరవై ఏళ్ళకు పైగా నడిచింది. మన తపాలా మిత్రులు ఆ విషయం గర్వంగా చెప్పుకోవచ్చు.

1953

ఆ సంవత్సరం ఆయనకూ, మనకూ మరపురానిది. 1953 ఆగస్టు 1న ప్రభుత్వం విమాన సంస్థలను జాతీయం చేసింది. ముందుగా తనను సంప్రదించలేదని జె.ఆర్.డి. చాలా నొచ్చుకున్నారు. తాను పుట్టించి పెంచిన సంస్థ చేతులు మారింది. అయినా నెహ్రూ కోరిక మీద ఎయిర్ ఇండియా అధ్యక్ష పదవి స్వీకరించారు. ఆ పదవికి ఆయన జీతం తీసుకోలేదు.

రెండు నెలలకు, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. మనకు తెలిసిన కచేరీలు, కోర్టులు ఒక్క రోజులో పొరుగు రాష్ట్రమైపోయాయి. చేతిలో ఉన్నది చేజారడం ఎలా ఉంటుందో ఆ సంవత్సరం చూసిన మన పెద్దలకు తెలుసు.

జీతం లేని ఆ ఉద్యోగాన్ని జె.ఆర్.డి. పాతికేళ్ళు చేశారు. ఏ విమానం ఎక్కినా దిగాక ఒక చీటీ రాసేవారు. కాఫీ రుచి బాగుందా, తెరలు శుభ్రంగా ఉన్నాయా, దీపం వెలుతురు ఎక్కువైందా, అన్నీ అందులో ఉండేవి. కౌంటరు మీద దుమ్ము కనబడితే ఎవరినీ కేకలు వేయక తానే తుడిచేవారని అక్కడ పనిచేసినవారు రాసుకున్నారు. 1960లో బోయింగ్ జెట్ విమానాలు వచ్చాయి. ఆ ఏడాదే న్యూయార్కుకు సర్వీసు మొదలైంది. 1962 నాటికి ఎయిర్ ఇండియా జెట్ విమానాలు మాత్రమే నడిపే సంస్థగా ప్రపంచంలో పేరు తెచ్చుకుంది.

ఉద్యోగుల విషయము

మన సంఘ సభ్యులకు ఈ భాగం ప్రత్యేకంగా నచ్చుతుందని అనుకుంటాను. జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లో వచ్చింది. ప్రావిడెంటు ఫండు 1920లో, గ్రాట్యుటీ 1937లో వచ్చాయి. దేశమంతటికీ ప్రావిడెంటు ఫండు చట్టం వచ్చినది 1952లో, గ్రాట్యుటీ చట్టం వచ్చినది 1972లో. ఇవి ఆయనకంటే ముందు తరంవారు మొదలుపెట్టినవే. కాని ఆయన వాటిని కొనసాగించడమే గాక, కార్మికుల బాగోగులు చూడటానికి ప్రత్యేకంగా ఒక శాఖ ఉండాలని పట్టుబట్టి ఏర్పాటు చేయించారు. 1956లో కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందం వల్ల యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చుని మాట్లాడుకునే సంఘాలు వెలిశాయి.

1941లో బొంబాయిలో టాటా క్యాన్సర్ ఆస్పత్రి, 1945లో హోమీ భాభా కోరిక మీద పరిశోధనా సంస్థ ఆయన హయాంలో వచ్చినవే. మన ప్రాంతం నుంచి కూడా ఎన్నో కుటుంబాలు ఆ ఆస్పత్రికి రైలెక్కి పోయినవే.

1978

1978 జనవరి 1న ఎయిర్ ఇండియా వారి ఎంపరర్ అశోక అనే జంబో జెట్ బొంబాయి నుంచి లేచిన కొద్ది నిమిషాలకే సముద్రంలో కూలి, అందులోని 213 మంది మరణించారు. ఆ దుఃఖం నుంచి తేరుకోక ముందే, సరిగా నెల రోజులకు, ఫిబ్రవరి 1న ప్రభుత్వం జె.ఆర్.డి.ని అధ్యక్ష పదవి నుంచి తొలగించింది. ఆ సంగతి ఆయనతో ముందుగా ఎవరూ నేరుగా చెప్పలేదు. ఇతరుల ద్వారా తెలిసింది. ఎయిర్ ఇండియా మేనేజింగ్ డైరెక్టరు నిరసనగా రాజీనామా చేశారు. ఉద్యోగులు బాధపడ్డారు. ఆయన మాత్రం పత్రికల్లో రగడ చేయలేదు. అప్పటికి ఆయనకు 73 ఏళ్ళు. కరాచీలో ఉదయం 6 గంటల 35 నిమిషాలకు మొదలైన పనికి నలభై ఐదేళ్ళ తరువాత వచ్చిన ముగింపు అది.

ఇది చదువుతున్నప్పుడు నాకు నా సంగతి గుర్తుకు వచ్చింది. పదవీ విరమణ చేసిన మూడో రోజున మరచిపోయిన కళ్ళద్దాల కోసం నేను పనిచేసిన కార్యాలయానికి వెళ్ళాను. గేటు దగ్గర కొత్తగా వచ్చిన కాపలా మనిషి రిజిస్టరులో పేరు రాసి, ఎవరిని చూడాలో రాసి, లోపలికి పొమ్మన్నాడు. అతని తప్పు లేదు. ముప్పై ఏళ్ళు సంతకం చేసిన చోట సందర్శకుడిగా సంతకం పెట్టాను. మనలో చాలామందికి ఇటువంటి రోజు ఒకటి ఉండే ఉంటుంది. అంతటి మనిషికే ఆ రోజు వచ్చిందని తెలుసుకోవడం ఒక విధంగా ఓదార్పు. ఆ తరువాత ఆయన ఏం చేశారన్నది అంతకంటే ముఖ్యం.

డెబ్బై ఎనిమిదవ ఏట

1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆయనను తిరిగి ఎయిర్ ఇండియా పాలకమండలిలోకి తీసుకుంది. అధ్యక్ష పదవి మాత్రం ఇవ్వలేదు. ఆయన అలిగి కూర్చోలేదు. సభ్యుడిగానే వెళ్ళి కూర్చున్నారు.

1982 అక్టోబరు 15. తొలి తపాలా విమానానికి యాభై ఏళ్ళు నిండిన రోజు. 78 ఏళ్ళ జె.ఆర్.డి. కరాచీలో లెపర్డ్ మాత్ అనే పాతకాలపు విమానం ఎక్కారు. ఒంటరిగానే. అదే దారి, అదే అహమ్మదాబాదు మజిలీ. జనం జుహూలో చేరి ఆకాశం వైపు చూస్తూ నిలుచున్నారు. ఆయన క్షేమంగా దిగారు. కొత్తతరంవారిలో విమానయానం పట్ల ఉత్సాహం తగ్గిపోతున్నదనీ, దాన్ని తిరిగి రగిలించడానికే ఈ ప్రయాణమనీ ఆయన భావం. అవమానం జరిగిన నాలుగున్నరేళ్ళకు ఆయన ఇచ్చిన జవాబు ఇదే. ఎవరి మీదా విమర్శ లేదు. చేతనైన పని ఒకటి మళ్ళీ చేసి చూపించారు.

చివరి రోజులు

1991లో టాటా సన్స్ అధ్యక్ష పదవిని రతన్ టాటాకు అప్పగించారు. తాను అధ్యక్షుడయ్యేనాటికి 14గా ఉన్న సంస్థలు అప్పటికి 95 అయ్యాయి. 1992లో భారతరత్న లభించింది. కుటుంబ నియంత్రణ అవసరాన్ని చాలా ముందుగా చెప్పినందుకు అదే ఏడాది ఐక్యరాజ్య సమితి జనాభా పురస్కారం వచ్చింది. 1993 నవంబరు 29న జెనీవాలో తమ 89వ ఏట కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని పారిస్‌లోనే ఖననం చేశారు. ఆయన గౌరవార్థం మన పార్లమెంటు వాయిదా పడింది.

2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటా సంస్థ చేతికి వచ్చింది. చేజారి 68 ఏళ్ళు దాటిన తరువాత. అది చూడటానికి ఆయన లేరు.

ప్రశ్నకు జవాబు

ఇక మొదట అనుకున్న ప్రశ్నకు వద్దాం. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఎక్కడా ఆగకుండా వచ్చింది. నడిపినవారందరూ మహిళలే. రెండు ఊళ్ళ మధ్య తిన్నటి దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. పట్టిన సమయం 17 గంటల ప్రాంతం. భూమి గుండ్రంగా ఉన్నందున పటం మీద కనిపించే అడ్డదారి కాక, ఉత్తర ధ్రువం వైపుగా వచ్చే దారి దగ్గరవుతుంది. ఆకాశంలో పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలుల వల్ల పోయేటప్పటి గంటలకు, వచ్చేటప్పటి గంటలకు తేడా ఉంటుంది. కనుక పిల్లలు చెప్పిన సమయం రెండువైపులా ఒకటి కాకపోతే కంగారు పడనక్కరలేదు.

అదే దూరాన్ని జె.ఆర్.డి. పస్ మాత్ ఆగకుండా ఎగరగలిగినా 87 గంటలు పట్టేది. మూడున్నర రోజులు దాటుతుంది. నిజానికి అది మధ్యమధ్యలో దిగి పెట్రోలు పోసుకోవాలి, రాత్రి కాగానే ఏ బళ్ళారిలోనో ఆగాలి. ఆ లెక్కన వారం దాటేది.

ఆ రాత్రి బళ్ళారిలో ఆగిన చిన్న సంచికి, ఈ రోజు మన మనుమరాళ్ళు ఎక్కే పెద్ద విమానానికి మధ్య ఉన్న దారిలో ఎందరో ఉన్నారు. పేరు దక్కినవారు కొందరు, విన్సెంట్‌లా సముద్రంలో కలిసినవారు కొందరు. ఎద్దులబండి మీద పెట్రోలు తోలుకొచ్చిన ఆ అహమ్మదాబాదు బండివాడు కూడా వారిలో ఒకడే. అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మనమూ ఏదో ఒక కచేరీలో, ఏదో ఒక కౌంటరు దగ్గర, అటువంటి పనే చేసి దిగివచ్చినవాళ్ళం.

ఈసారి మీ ఇంటివారు విమానం ఎక్కినప్పుడు గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే, బళ్ళారిలో ఆగిన ఆ పస్ మాత్‌ను ఒకసారి తలచుకోండి. మా మనుమరాలు వచ్చే నెలలో వస్తున్నది. నేనూ అలాగే కూర్చుంటాను.

ఆ మహనీయునికి మన సంఘం పక్షాన నివాళులు.